నాలుగు కమాండ్లు, ఒక ఫోన్: మిర్చి ధరల ఫైల్‌ను మీరే జల్లెడ పట్టండి

ఫిబ్రవరి వచ్చిందంటే గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల ఊళ్లలో పొద్దున్నే వినిపించే ప్రశ్న ఒకటే: ఇవాళ తేజ ఎంత పలికింది? వాట్సాప్ గ్రూపులో ఒక అంకె వస్తుంది. కమీషన్ కొట్టుకు ఫోన్ చేస్తే ఇంకో అంకె చెబుతారు. యూట్యూబ్‌లో మూడోది. ఇప్పుడే అమ్మాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా అన్నది వాటి మీదే తేలాలి. ఇంట్లో డిగ్రీ చదివే అబ్బాయి చేతిలోనో, అమ్మాయి చేతిలోనో మంచి ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటుంది. అందులో బీజీఎంఐ ఆడతాం, రీల్స్ చూస్తాం. ఏడాది ధరల ఫైల్‌ను మాత్రం తెరిచి చూడం. ఎందుకంటే ఆ ఫైల్ వేల వరుసల చిట్టా, ఫోన్‌లోని ఎక్సెల్ యాప్‌లో వేలితో జరిపేసరికే ఓపిక అయిపోతుంది.

ఆ పనికి వేరే దారి ఉంది. కొత్తదేమీ కాదు, యాభై ఏళ్ల నాటి కమాండ్లే. గ్రెప్, సార్ట్, కట్, ఆక్. ఇవి మీ ఫోన్‌లోనే నడుస్తాయి, నెట్ కూడా అక్కర్లేదు. కానీ ఒక షరతు. ఏ గడిలో ఏముందో మీరు చెప్పకపోతే ఇవి తప్పు జవాబును ఎర్రర్ మెసేజ్ కూడా లేకుండా ఇచ్చేస్తాయి. అందుకే ఈసారి "టాప్ 10 కమాండ్లు" లాంటి లిస్టు ఇవ్వడం లేదు. ఒకే ఫైల్ తీసుకుని, ఎక్కడెక్కడ బోల్తా పడతామో చూస్తూ వెళ్దాం.

ముందుగా ఒక మాట. కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలో, పలికే తీరులో ఇస్తున్నాం. టెర్మినల్‌లో అవే అక్షరాలు ఇంగ్లిష్‌లో, చిన్న అక్షరాల్లో కొట్టాలి. పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెబుతాం. గీతలు, కామాలు, డాలర్ గుర్తులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

ఫోన్‌లో ఏం కావాలి?

టెర్మక్స్ అనే యాప్ చాలు. దీన్ని ఎఫ్-డ్రాయిడ్ నుంచి గానీ గిట్‌హబ్ నుంచి గానీ వేసుకోండి. రూట్ చేయక్కర్లేదు. ఇన్‌స్టాల్ అవగానే సార్ట్, కట్, గ్రెప్, ఆక్ అన్నీ లోపల సిద్ధంగా ఉంటాయి. తర్వాత "టెర్మక్స్-సెటప్-స్టోరేజ్" అని ఒకసారి కొట్టి పర్మిషన్ ఇస్తే మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ అందులో కనిపిస్తుంది. ల్యాప్‌టాప్‌లో ఉబుంటు ఉన్నవాళ్లకు, మ్యాక్ ఉన్నవాళ్లకు ఇదేమీ అక్కర్లేదు. విండోస్ వాళ్లు డబ్ల్యూఎస్‌ఎల్ పెట్టుకుంటే సరి.

4 జీబీ ర్యామ్ ఫోన్ అయితే సరిపోతుందా అని అడుగుతారని తెలుసు. సరిపోతుంది. గ్రెప్, కట్, ఆక్ ఫైల్ మొత్తాన్ని మెమరీలోకి ఎక్కించుకోవు, ఒక్కో వరుస చదివి వదిలేస్తాయి. సార్ట్‌కు అన్ని వరుసలూ కావాలి కదా, దాని పద్ధతి వేరు: ర్యామ్ సరిపోకపోతే ఫైల్‌ను ముక్కలు చేసి, ఒక్కో ముక్కను సర్ది స్టోరేజీలో పెట్టి, చివర్లో అన్నిటినీ కలుపుతుంది. ర్యామ్ కంటే పెద్ద ఫైల్‌ను కూడా సార్ట్ చేయగలిగేది అందుకే. ధరల ఫైల్‌లో వరుసకు వంద అక్షరాలు వేసుకున్నా లక్ష వరుసలు కలిపి 10 ఎంబీ. మీ ఫోన్‌లో ఒక చిన్న వీడియో అంతకంటే బరువు.

ఫైల్ ఎలా ఉంటుంది?

కేంద్ర ప్రభుత్వ డేటా పోర్టల్‌లో దేశంలోని మార్కెట్ల రోజువారీ ధరలు సీఎస్‌వీ రూపంలో దొరుకుతాయి. అగ్‌మార్క్‌నెట్‌కు మార్కెట్లు పంపే అంకెలే అవి. సీఎస్‌వీ అంటే ఏముంది, గడికీ గడికీ మధ్య కామా పెట్టిన మామూలు టెక్స్ట్ ఫైల్. పది గడులు ఈ వరుసలో ఉంటాయి: రాష్ట్రం, జిల్లా, మార్కెట్, సరుకు, రకం, గ్రేడ్, తేదీ, కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ ధర. ధర క్వింటాలుకు రూపాయల్లో. హెడర్‌లో ధరల గడుల పేర్ల మధ్య "ఎక్స్0020" లాంటిది ఇరుక్కుని కనిపిస్తే కంగారు పడకండి. యూనికోడ్‌లో 0020 అంటే ఖాళీ జాగా. ఏదో సాఫ్ట్‌వేర్ ఖాళీని అలా రాసి వదిలేసింది.

మనం ఫైల్‌కు మిర్చి.సిఎస్‌వి అని పేరు పెడదాం. చుక్కకు ముందున్న పేరును నిజంగానే తెలుగులో పెట్టుకోవచ్చు, టెర్మక్స్ ఏమీ అనదు.

మోడల్ ధర అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. అది సగటు కాదు. ఆ రోజు ఎక్కువ సరుకు ఏ ధర దగ్గర అమ్ముడైందో ఆ ధర. కనిష్ఠ ధర చూసి "అయ్యో ఇంతేనా" అని గుండెలు బాదుకోవద్దు. రంగు పోయిన తాలు కాయ ఒక్క లాట్ వచ్చినా ఆ రోజు కనిష్ఠం అదే అయి కూర్చుంటుంది. గరిష్ఠం సంగతీ అంతే, ఎవరో ఒకరి డీలక్స్ సరుకు అది. కాబట్టి పదో గడితోనే పని చేద్దాం.

మొదటి బోల్తా: గ్రెప్ 334

గ్రెప్ పని చాలా సింపుల్. ఒక మాట ఇస్తే ఆ మాట ఉన్న వరుసలన్నీ చూపిస్తుంది. 1973లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ రాసిన ప్రోగ్రామ్ ఇది. మీ దగ్గర 334 రకం ఉంది, దాని ధరలు కావాలి. సహజంగా కొట్టేది:

గ్రెప్ 334 మిర్చి.సిఎస్‌వి

వరుసలు జలజలా వస్తాయి. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ తేజ 13,340 రూపాయలు పలికిన రోజు కూడా అందులో ఉంటుంది, ఎందుకంటే 13340లో 334 ఉంది! గ్రెప్‌కు గడులు తెలియవు, దాని లెక్కలో వరుస అంటే ఒక పొడవాటి అక్షరాల తాడు. తేజ వరుసలు రెండు కలిస్తే ఫర్వాలేదు అనుకోవచ్చు. ఆ తర్వాత మీరు సగటు తీస్తారు చూడండి, అప్పుడు తెలుస్తుంది నొప్పి.

గడి పేరు పెట్టి అడగాలంటే ఆక్ కావాలి:

ఆక్ -ఎఫ్, '$5 == "334"' మిర్చి.సిఎస్‌వి

ఇక్కడ ఎఫ్ పెద్ద అక్షరం. దాని పక్కనున్న కామా "గడుల మధ్య గీత ఇదే" అని చెప్పడానికి. $5 అంటే ఐదో గడి. ఐదో గడి సరిగ్గా 334 అయితేనే వరుసను వదులు అని అర్థం. ఆక్ 1977 నాటిది. పేరులోని మూడు అక్షరాలు దాన్ని రాసిన ముగ్గురివి: ఏహో, వైన్‌బర్గర్, కెర్నిగన్. దీన్ని కమాండ్ అనడం కంటే బుల్లి ప్రోగ్రామింగ్ భాష అనడం సబబు.

11,781 అనే అంకె

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. మిర్చికి కనీస మద్దతు ధర లేదు. పత్తికి ఉంది, మిర్చికి లేదు. 2023లో క్వింటాలు 20,000 దాటి పలికిన రకాలు 2025 మొదట్లో బాగా పడిపోయాయి. ఆ ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాలుకు 11,781 రూపాయలు ఖరారు చేసింది. 2.91 లక్షల టన్నుల వరకు అని పరిమితి పెట్టింది. సరుకు కొనడం కాదు, ఆ ధరకూ అమ్మిన ధరకూ ఉన్న తేడాను కేంద్రం, రాష్ట్రం పంచుకుని చెల్లించే పద్ధతి. కాబట్టి ఏ రోజు ధర ఈ గీతకు కింద ఉందన్నది మన వైపు పేపర్లో చదివి వదిలేసే విషయం కాదు.

ఆక్‌కు ఇది ఒక్క లైను పని:

ఆక్ -ఎఫ్, '$5 == "తేజ" && $10 < 11781' మిర్చి.సిఎస్‌వి

రకం పేరు మీ ఫైల్‌లో ఎలా ఉంటే అలాగే ఇంగ్లిష్‌లో రాయండి. ఎన్ని రోజులో లెక్క మాత్రమే చాలనుకుంటే దీని చివర నిలువు గీత పెట్టి "డబ్ల్యూసి -ఎల్" చేర్చండి. ఆ నిలువు గీతనే పైప్ అంటారు. ఎడమ కమాండ్ నుంచి వచ్చింది కుడి కమాండ్‌లోకి పోతుంది. నాగార్జున సాగర్ కుడి కాలువ నుంచి మేజరుకు, మేజరు నుంచి పిల్ల కాలువకు నీళ్లు పారినట్టే.

ఇక రెండో బోల్తా, అసలైనది. కొన్ని ఫైళ్లలో అంకెలకు కూడా డబుల్ కోట్స్ ఉంటాయి. 14000 అని కాకుండా "14000" అని. అప్పుడు పై కమాండ్ కొడితే ఏమవుతుంది? రకం గడికీ కోట్స్ ఉంటే అది తేజతో సరిపోలదు, ఒక్క వరుసా రాదు. ఆ ఖాళీ చూసి కనీసం అనుమానం వస్తుంది. కానీ రకం షరతు తీసేసి ధర ఒక్కటే అడిగారనుకోండి, ఫైల్‌లోని ప్రతి వరుసా వచ్చేస్తుంది! ఏడాది పొడవునా ధర 11,781 కిందే ఉన్నట్టు. కారణం: కోట్స్ ఉన్న గడిని ఆక్ అంకెగా కాకుండా అక్షరాలుగా చూస్తుంది. అక్షరాల పోలికలో కోట్ గుర్తు 1 కంటే ముందు వస్తుంది. కాబట్టి అన్నీ "చిన్నవే". ఎర్రర్ ఉండదు, హెచ్చరిక ఉండదు. ఆ స్క్రీన్‌షాట్ గ్రూపులోకి వెళ్తే సాయంత్రానికి ఊరంతా అదే మాట.

దీనికి మందు ఈమధ్యే వచ్చింది. 2023 నవంబరులో విడుదలైన గ్నూ ఆక్ 5.3లో సీఎస్‌వీని సరిగ్గా చదివే ఆప్షన్ పెట్టారు. టెర్మక్స్‌లో ఉండే ఆక్ ఇదే జాతి. -ఎఫ్ కామా బదులు -కె అని రాస్తే చాలు: కోట్స్ తీసేసి, కోట్స్ లోపలి కామాలను గడి గీతలుగా పొరబడకుండా చదువుతుంది. ఆక్ సృష్టికర్తల్లో ఒకరైన బ్రయాన్ కెర్నిగన్ కూడా తన అసలు ఆక్‌కు ఇదే సదుపాయాన్ని 2023లోనే చేర్చారు. అప్పటికి ఆయన వయసు ఎనభై దాటింది. మనం రెండేళ్ల ఫోన్‌కు అప్‌డేట్ రాలేదని కంపెనీని తిట్టుకుంటున్నాం!

ఎవరైనా ఎక్సెల్ నుంచి తీసిన ఫైల్‌లో ధర "14,000" అని మధ్యలో కామాతో ఉండొచ్చు. అప్పుడు ఆక్‌లో ముందుగా జీసబ్(",", "", $10) అని రాస్తే ఆ కామా ఎగిరిపోతుంది. పెద్ద పనేం కాదు, కానీ ఉందో లేదో ముందే చూడాలి. "హెడ్ -5 మిర్చి.సిఎస్‌వి" అని కొట్టి మొదటి ఐదు వరుసలు కళ్లతో చూడకుండా ఏ ఫైల్‌నూ నమ్మొద్దు.

సార్ట్‌కు చిన్నా పెద్దా తెలియదు

8000, 9500, 11800, 14000. వీటిని వట్టి సార్ట్‌కు ఇస్తే వచ్చే వరుస ఇది: 11800, 14000, 8000, 9500. డిక్షనరీలో మాటలు చూసినట్టు ఎడమ అక్షరం నుంచి పోలుస్తుంది, 1 ముందు, 8 తర్వాత. ధర నాలుగంకెల నుంచి ఐదంకెలకు దాటే సరుకు మిర్చి. కాబట్టి ఈ తప్పు మన దగ్గర తప్పకుండా తగులుతుంది. పత్తి ఎప్పుడూ నాలుగంకెల్లోనే ఉంటే తగలకపోవచ్చు, 2022లో లాగా పదివేలు దాటితే అక్కడా ఇదే కథ.

సార్ట్ -టి, -కె10,10ఎన్‌ఆర్ మిర్చి.సిఎస్‌వి

-టి కామా అంటే గడి గీత. -కె10,10 అంటే పదో గడి నుంచి పదో గడి వరకే. ఎన్ అంటే అంకెలుగా చూడు. ఆర్ అంటే పెద్దది పైన. ఆ రెండో 10 చాలామంది వదిలేస్తారు. వదిలితే "పదో గడి నుంచి వరుస చివరిదాకా" అని అర్థం. పదోది చివరి గడి కాబట్టి ఇక్కడ నష్టం లేదు. ఐదో గడితో సర్దేటప్పుడు మాత్రం తేడా కొడుతుంది. అలవాటుగా రెండూ రాయండి.

తేదీల దగ్గర ఇంకా తమాషా. ఫైల్‌లో తేదీ మనం రాసే పద్ధతిలోనే ఉంటుంది: 05/02/2025, అంటే రోజు, నెల, ఏడాది. వట్టి సార్ట్ చేస్తే మొదట అన్ని నెలల, అన్ని ఏళ్ల ఒకటో తేదీలు, తర్వాత రెండో తేదీలు. గ్రాఫ్ గీస్తే ఈసీజీ లాగా వస్తుంది. దీనికి సార్ట్‌లోనే చక్కటి చిట్కా ఉంది. గడిలో ఎన్నో అక్షరం నుంచి ఎన్నో అక్షరం వరకు పోల్చాలో చుక్క పెట్టి చెప్పొచ్చు:

సార్ట్ -టి, -కె7.7,7.10 -కె7.4,7.5 -కె7.1,7.2 మిర్చి.సిఎస్‌వి

ఏడో గడిలో 7 నుంచి 10వ అక్షరం దాకా ఏడాది, అది ముందు. 4, 5 అక్షరాలు నెల. 1, 2 రోజు. మా దృష్టిలో సార్ట్‌లో అన్నిటికంటే తక్కువ మందికి తెలిసిన, అన్నిటికంటే పనికొచ్చే సంగతి ఇదే.

"ఎక్సెల్‌లో తెరిస్తే తేదీలు అదే సర్దుతుంది కదా" అంటారా? ఫోన్ లేదా ల్యాప్‌టాప్ భాష అమెరికన్ ఇంగ్లిష్ అయితే 05/02/2025ను మే 2గా చదువుతుంది. 13/02/2025కి పదమూడో నెల లేదు కాబట్టి దాన్ని వట్టి టెక్స్ట్‌గా వదిలేస్తుంది. కొన్ని తిరగబడతాయి, కొన్ని నిలబడతాయి. చెప్పకుండా. పైగా ఎక్సెల్‌కు 10,48,576 వరుసల గీత ఉంది, పాత ఫార్మాట్‌లో అయితే 65,536 మాత్రమే. 2020 సెప్టెంబరు, అక్టోబరులో ఇంగ్లండ్‌లో 15,841 కోవిడ్ పాజిటివ్ కేసులు లెక్కలోకి రాకుండా పోయింది ఆ పాత ఫార్మాట్ గీత వల్లే.

సార్ట్‌లో హెడర్ సమస్య కూడా ఒకటుంది. గడుల పేర్లున్న మొదటి వరుసను కూడా అది మామూలు వరుసగానే తోసేస్తుంది, ఎక్కడో అడుగున తేలుతుంది. ముందు "టైల్ -ఎన్ +2" తో హెడర్ కోసేసి, పైప్‌లో సార్ట్‌కు ఇవ్వండి.

ఇంకో సంగతి, తెలుగు పేర్లు సర్దేవాళ్లకు. బడిలో నేర్చుకున్న వర్ణమాలలో ళ, హ తర్వాత వస్తుంది. యూనికోడ్‌లో దానికి ల పక్కనే సీటు ఇచ్చారు, వ కంటే ముందు. ఊళ్ల పేర్లు తెలుగులో సార్ట్ చేసినప్పుడు వరుస కాస్త వింతగా అనిపిస్తే మీ ఫోన్ తప్పు కాదు.

జిల్లా గడిని నమ్మొద్దు

2022 ఏప్రిల్ 4న మన జిల్లాల మ్యాప్ మారింది. పాత గుంటూరు జిల్లా నుంచి పల్నాడు, బాపట్ల విడిపోయాయి. నరసరావుపేట, పిడుగురాళ్ల, మాచర్ల పల్నాడుకు. పాత ప్రకాశంలోని చీరాల, అద్దంకి, పర్చూరు బాపట్లకు. కందుకూరు నెల్లూరుకు. మిర్చి, పత్తి పండే నేల అదే, కానీ జిల్లా గడిలోని పేరు మారింది, లేదా ఫైల్‌లో ఇంకా మారకుండా ఉండిపోయింది. 2020 నుంచి 2025 దాకా ఉన్న ఫైల్‌లో జిల్లా గడి "గుంటూరు" అని ఫిల్టర్ చేసి ఏళ్ల మధ్య పోలిక పెడితే మీరు రెండు వేర్వేరు ప్రాంతాలను పోలుస్తున్నట్టే అవొచ్చు.

అందుకే మూడో గడి, అంటే మార్కెట్ పేరు పట్టుకోండి. యార్డు ఎక్కడికీ పోదు. ముందు ఫైల్‌లో ఏ పేర్లు ఎన్నిసార్లు ఉన్నాయో చూడాలి:

కట్ -డి, -ఎఫ్2,3 మిర్చి.సిఎస్‌వి | సార్ట్ | యూనిక్ -సి | సార్ట్ -ఆర్‌ఎన్

కట్ రెండు, మూడు గడులు మాత్రమే కోసి ఇస్తుంది. యూనిక్ పక్కపక్కనే ఉన్న ఒకేలాంటి వరుసలను కలిపి లెక్క చెబుతుంది. "పక్కపక్కనే" అన్నది గమనించండి, అందుకే దానికి ముందు సార్ట్ తప్పదు. ఈ ఒక్క లైను కొడితే ఒకే ఊరు రెండు స్పెల్లింగులతో ఉంటే బయటపడుతుంది. మన ఊళ్ల పేర్లు ఇంగ్లిష్‌లో రాసే తీరు తెలిసిందే కదా, నరసరావుపేటను ఎన్ని రకాలుగా రాయొచ్చో ఆర్టీసీ బస్సు బోర్డులు చూస్తే చాలు.

రోజుల లెక్కలో కూడా ఒక జాగ్రత్త. గుంటూరు యార్డుకు శని, ఆదివారాలు సెలవు. ఎండాకాలంలో పెద్ద సెలవులు ఉంటాయి. వరుస లేదంటే ధర పడిపోయిందని కాదు, ఆ రోజు వ్యాపారం లేదనో, అంకె పంపలేదనో అర్థం. కాబట్టి "నెలలో ఎన్ని రోజులు గీత కింద ఉంది" అని అడిగేటప్పుడు, మొత్తం ఎన్ని రోజుల వరుసలున్నాయో కూడా పక్కన రాయండి. పదిలో ఎనిమిది, ఇరవైలో ఎనిమిది ఒకటి కాదు.

పత్తికి అయితే

పత్తి రైతు ఇంట్లో ఇదే పనికి ఒక మెలిక ఉంది. మద్దతు ధర ఏటా మారుతుంది. పొడవు పింజ పత్తికి 2024-25లో క్వింటాలు 7,521 రూపాయలు, 2025-26లో 8,110. పత్తి సీజన్ అక్టోబరులో మొదలవుతుంది, క్యాలెండర్ ఏడాదితో కలవదు. 2025 జనవరి ధరను 7,521తో, అదే ఏడాది నవంబరు ధరను 8,110తో పోల్చాలి. ఏడాది చూసి ఫిల్టర్ చేస్తే తప్పు.

తేదీని ముందుగా 20251115 లాగా ఒకే అంకెగా మార్చుకుంటే పోలిక సుళువు:

ఆక్ -కె '{డి = సబ్‌స్ట్ర్($7,7,4) సబ్‌స్ట్ర్($7,4,2) సబ్‌స్ట్ర్($7,1,2); ఎం = (డి >= "20251001") ? 8110 : 7521; ఇఫ్ ($10 < ఎం) ప్రింట్}' పత్తి.సిఎస్‌వి

2024 అక్టోబరు నుంచి 2026 సెప్టెంబరు లోపు ఫైల్‌కే ఇది పనికొస్తుంది. ఇంకా పాతది ఉంటే ఇంకో షరతు చేర్చాలి. హెడర్ వరుస ఇందులో దానంతటదే రాలిపోతుంది: పదో గడిలో అంకె బదులు పేరు ఉంటుంది, అక్షరాల పోలికలో అది 7521 కంటే వెనక. గుర్తును "ఎక్కువ" వైపు తిప్పితే మాత్రం హెడర్ కూడా వచ్చేస్తుంది.

వచ్చిన ప్రతి వరుసా అన్యాయమని కాదు. సీసీఐ మద్దతు ధర 8 శాతం తేమకు లెక్క. 12 శాతం దాకా తగ్గించి కొంటారు, దాటితే కొనరు. తేమ గడి ఈ ఫైల్‌లో లేదు. 2025 నుంచి సీసీఐకి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలి కాబట్టి ఇంట్లో ఫోన్ పట్టుకునే పని ఎలాగూ మీదే. ఆ రోజు స్లాట్‌తో పాటు ఈ లైను కూడా ఒకసారి నడపండి.

దాచుకునేటప్పుడు

వచ్చిన జవాబును ఫైల్‌లోకి పంపడానికి చివర > గుర్తు పెట్టి కొత్త పేరు రాస్తే చాలు. కొత్త పేరు అన్నది ముఖ్యం. "సార్ట్ మిర్చి.సిఎస్‌వి > మిర్చి.సిఎస్‌వి" అని కొట్టారో, ఫైల్ ఖాళీ. సార్ట్ చదవడం మొదలుపెట్టక ముందే షెల్ ఆ ఫైల్‌ను తుడిచి సిద్ధం చేస్తుంది మరి. అదే పేరుతో కావాలంటే సార్ట్‌కు -ఓ అనే ఆప్షన్ ఉంది, అది మొత్తం చదివాకే రాస్తుంది. అసలు ఫైల్ మీద డౌన్‌లోడ్ కాగానే "సిహెచ్‌మోడ్ 444 మిర్చి.సిఎస్‌వి" కొట్టి ఉంచండి. చదవడానికి తప్ప రాయడానికి వీలుండదు. కాకపోతే ఇది డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పనిచేయదు, ఫైల్‌ను టెర్మక్స్ సొంత హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకున్నాకే కొట్టాలి.